మావయ్య గీసిన ఎర్రగీతలు

మావయ్యకి మేనకోడలు చేతులు జోడించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, నీ డ్రైవింగ్ స్కూలూ, పచ్చకారూ కులాసా అనుకుంటాను. ఫోను చేద్దామంటే నువ్వు పాఠం మధ్యలో ఎత్తుతావు. కిందటిసారి "క్లచ్ వదలండి, క్లచ్!" అని నా మీద అరిచావు. అందుకే ఉత్తరం.

అసలు సంగతి. రెండేళ్ళుగా విమానాశ్రయం కౌంటర్లో జనం పెట్టెలు తూచి పైకి పంపుతున్నాను. ఇక నేనే పైకి వెళ్తాను. పైలట్ అవుతాను. నిర్ణయం అయిపోయింది, బుజ్జగింపులు పనిచేయవు.

రెండు కాగితాలు పంపుతున్నాను. మొదటిది ఒక విమానాల కంపెనీ పేరు చెప్పుకునే శిక్షణ పథకం. అరవై లక్షలు ముందే కడితే పద్దెనిమిది నెలల్లో కో-పైలట్‌ని చేస్తారట. బ్యాంకు అప్పుకి నీ స్కూలు స్థలం హామీ పెట్టాలి. రెండోది ఫ్లయింగ్ క్లబ్బు. మెట్టుమెట్టుకీ విడిగా ఫీజు, మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఉద్యోగం ఊసే లేదు. నాకు మొదటిదే నచ్చింది. సీటుకి అడ్వాన్సు ఐదు లక్షలు. అది నేను దాచుకున్నదే. వచ్చే నెల మొదటి సోమవారం ఆఖరు రోజు. షరతులన్నీ నువ్వొకసారి చదివి పంపు.

నీ పెద్ద మనసు మీద ఆశలు పెట్టుకున్న
మేనకోడలు

తా.క.: అమ్మకి చెప్పకు. నేను స్టూలెక్కి బల్బు మారుస్తుంటేనే వీధంతా వినపడేలా కేకలేస్తుంది.

*

చిరంజీవి కాబోయే పైలట్‌గారికి మావయ్య దీవెనలు.

నేను క్షేమం. కారు క్షేమం. ముందు బంపరు మాత్రం క్షేమం కాదు. రిటైరైన లెక్కల టీచరుగారు కొత్తగా చేరారు. ఇంకోమాట, మనది ఎర్రకారు. ఈ వీధివాళ్ళతో చేరి నువ్వు కూడా పచ్చకారని వెక్కిరించకు.

నిన్ను ఆపను. ఆపితే ఆగే రకానివి కాదు, మా అక్క కూతురివి. పథకం కాగితం అక్షరం వదలకుండా చదివి గీతలు పెట్టాను. వివరణ అక్కర్లేదు. ఎర్రగీత ఉన్నచోట ఆగు, పచ్చగీత ఉన్నచోట నిశ్చింతగా సాగు. నా స్కూల్లో మొదటిరోజు పాఠం ఇదే.

వీటన్నిటికంటే ముందు ఒక పని. మీ ఊళ్ళో కళ్ళ డాక్టరొకాయన ఉన్నారు. నాకు బాగా కావలసినవారు. మంచి మనిషి, సొంత ఆసుపత్రి. శనివారం పదకొండింటికి వెళ్ళు, చెప్పి ఉంచాను. అరగంట బుద్ధిగా కూర్చో. అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పు. ఆయన సరేనన్నాకే మిగతా మాటలు. ఎందుకని మాత్రం అడగకు.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఆ పూట కాటుకా గీటుకా పెట్టుకోకు. ఆయన ఉన్నది ఉన్నట్టు చూడాలి.

*

మావయ్యకి, సగం నమస్కారం. మిగతా సగం ఎందుకు ఆపుకున్నానో కింద రాస్తాను.

ముందు మంచిమాట. నువ్వింత ధైర్యస్థుడివని ఇన్నాళ్ళూ తెలియదు! "కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు." పచ్చగీత. "ఖాళీలు ఉన్నప్పుడే ఉద్యోగం." పచ్చగీత. "శిక్షణ ఆలస్యమైతే అదనపు ఖర్చు అభ్యర్థిదే." రెండు పచ్చగీతలు! నేనే భయపడిన షరతులకి నువ్వు దారి వదిలేశావు. కానీ "హాస్టల్లో మంచినీటి వసతి కలదు" కింద ఎర్రగీత ఎందుకు? "రెండు జతల యూనిఫారం ఉచితం" అంటే నీకేం కోపం? పోనీలే, నీళ్ళ సీసా నేనే తీసుకెళ్తాను.

ఇక రెండో సంగతి. నాకు సంబంధం చూడమని నిన్నెవరడిగారు? అదీ కళ్ళ డాక్టరు! వెళ్ళగానే, మనిషిని సరిగా చూడకుండానే, ముఖంమీదే చెప్పేశాను: "చూడండీ, నాకు పెళ్ళి వద్దు, నేను విమానం నడపాలి." ఆయన చేతిలో టార్చి జారి కిందపడింది. ఆయన అది తీయడానికి వంగినప్పుడు బల్లమీద ఆయన మనవరాలి ఫొటో కనపడింది. మావయ్యా, ఆయనకి అరవై ఉంటాయి! కంగారుపడి ఏదో చుక్కల పుస్తకం తీశారు. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు చదవమన్నారు. ఒళ్ళు మండి టకటకా అన్నీ చదివేసి వచ్చేశాను.

ఆఖరు రోజు, ఆ సోమవారం పొద్దున్నే అడ్వాన్సు కట్టేస్తున్నాను.

ఇక ఎవరు చెప్పినా వినని
మేనకోడలు

తా.క.: పరీక్ష ఫీజు కూడా తీసుకున్నారు. సంబంధానికి వెళ్తే ఎదురు డబ్బు కట్టించుకున్న పెళ్ళికొడుకు ఈయనొక్కడే అయ్యుంటాడు.

*

చిరంజీవి మేనకోడలికి,

ఆగు! బ్రేకు తొక్కు! దీవెనలు చివర్లో.

కౌంటర్లో ఉంటే నీ ఫోను బీరువాలో పెట్టేస్తారు. అయినా ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను. తెచ్చినావిడే లెక్కల టీచరుగారు. నేను పక్కన లేకుండా అంతదూరం నడపడం ఆవిడకిదే మొదలు. ముందు మంచినీళ్ళివ్వు, తర్వాత చదువు.

నువ్వు పచ్చగీతలన్నవి నా లెక్కలో ఎర్రవి. నా ఎర్రపెన్ను మూతకి దారం చుట్టుకుంటాను. టీచరుగారు దరఖాస్తు నింపడానికి రెండు పెన్నులూ తీసుకుని మూతలు తారుమారు చేశారు. నాకు తెలియలేదు. ఎందుకంటే, అమ్మడూ, నాకు ఎరుపూ పచ్చా ఒకేలా కనపడతాయి. సిగ్నలు దగ్గర ఎరుపు పైనుంటుంది, పచ్చ కిందుంటుంది, గుర్తుపడతాను. పెన్నులకి పైనా కిందా లేవు.

నీ వయసులో నేనూ పైలట్ అవుదామనుకున్నాను. మీ తాతయ్య సైకిళ్ళ షాపు తాకట్టుపెట్టి ఫీజంతా ముందే కట్టాను. ఆ తర్వాత వైద్యపరీక్ష. ఆ చుక్కల పుస్తకం పట్టుకున్న కుర్ర డాక్టరే నీ పెళ్ళికొడుకు. పేజీలు తిప్పాడు, తిప్పాడు. నాకు చుక్కలే కనపడ్డాయి, అంకెలు కనపడలేదు. ఫీజు తిరిగి ఇవ్వబడలేదు. షాపు పోయింది. ఇంట్లో విమానాలంటే మోజు తీరిపోయిందని చెప్పాను. తీరలేదు. ఈ లోపం తల్లివైపు నుంచి వస్తుందంటారు. అందుకే పైసా కట్టకముందే నీ కళ్ళు చూపించాలని పట్టుబట్టాను, కారణం చెప్పడానికి సిగ్గుపడ్డాను.

నిన్న రెండుచోట్లకీ వెళ్ళొచ్చాను. పథకంవాళ్ళ పుస్తకంలో పన్నెండు విమానాలు. ఎగిరేవి నాలుగు. మిగతావాటి చక్రాల చుట్టూ మోకాలెత్తు గడ్డి. రోజూ కదిలే బండి కింద గడ్డి మొలవదు. పద్దెనిమిది నెలలని చేరినవాళ్ళు మూడో ఏడు కూడా క్యాంటీన్లో వంతు కోసం చూస్తున్నారు. క్లబ్బులో ఉన్నవి రెండే, కానీ పెడళ్ళ రబ్బరు అరిగి నున్నగా ఉంది. ఉద్యోగం వాళ్ళూ ఇవ్వరు, వీళ్ళూ ఇవ్వరు. వీళ్ళు ఇస్తామని అబద్ధం చెప్పడంలేదు, అంతే తేడా.

క్లబ్బులో మొదటి మెట్టుకి నేను కట్టేశాను. నీ ఐదు లక్షలు రెండోదానికి. పెట్టెలు తూచే పని మానకు. ఒక మెట్టు పాసయ్యాకే ఇంకోదానికి కడదాం. నాలుగేళ్ళు కాదు, ఆరేళ్ళు పట్టినా నువ్వు పైలట్‌వి అయి తీరాలి. ఇది నా నిర్ణయం, బుజ్జగింపులు నా దగ్గరా పనిచేయవు.

ఇప్పుడు దీవెనలు.
మావయ్య

తా.క. 1: డాక్టరుగారు కబురు చేశారు. నీ చూపుకి వంకలేదట. మిగతాది ఇంకో డాక్టరుకి చూపించమన్నారు.

తా.క. 2: మన కారు నిజంగానే పచ్చదా? ఇరవై ఏళ్ళుగా వీధంతా వెటకారం చేస్తున్నారనుకున్నాను.

తా.క. 3: ఆ చుక్కల పుస్తకంలో నీకు కనపడ్డ అంకెలేమిటో రాసి పంపు. అక్కడ ఏముందో ముప్పై ఏళ్ళుగా తెలుసుకోవాలని ఉంది.