సగం పాత నూలు

ప్రియమైన అక్కకి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా కూర్చుంటే ఈ మాట నా గొంతు దాటడం లేదు. అందుకే నీ సంచిలో పెడుతున్నాను.

మొన్న మిల్లుకి కొనేవాళ్లు వచ్చినప్పుడు మేనేజరు నిన్ను పాతబట్టల షెడ్డు నుంచి పిలిపించాడు కదా. బొత్తాలు కోసే కత్తెర చేతిలో ఉండగానే వచ్చావు. నూలు కండె మీద చెయ్యి వేసి, "ఇందులో కొత్త పత్తి ఒక్క పోగు కూడా లేదండీ. అంతా మేం ఏరిన పాతబట్టలే. పరీక్ష చేసి సంతకం పెట్టేది మా చెల్లే" అన్నావు. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను నీ పక్కన నిలబడి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

అక్కా, ఆ నూలులో సగం కొత్త పత్తే. పాతబట్టలు చింపితే వచ్చే పీచు పొట్టిది. వడుకుతుంటే మాటిమాటికీ తెగిపోయేది. "ఈ ఒక్కసారికి కలుపుదాం, మిషన్లు కుదురుకోగానే మానేద్దాం" అన్నాడు మేనేజరు. ఆ ఒక్కసారి కాస్తా ఏడు నెలలైంది. నూలుతో పంపే ప్రతి చీటీ మీదా "పూర్తిగా పాతబట్టల నూలు" అని ఉంటుంది. కింద నా సంతకం. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ల్యాబ్ మేడమ్ అని పిలిపించుకోవడం మీద మోజు, అంతే. నువ్వు దుమ్ముకి దగ్గుతూ వచ్చి, "మన పని వల్ల ఎంత పత్తి మిగిలిందే?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని.

సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.

నీ చెల్లి

* * *

నా పిచ్చి చెల్లికి,

నాకు తెలుసు. మేం కట్టిన మూటల్లో సగం షెడ్డు వెనకే పడి తడుస్తుంటే, నూలు మాత్రం లారీల నిండా వెళ్తోంది. ఆమాత్రం పసిగట్టడానికి చదువు కావాలా? తెలిసే ఆ మాట అన్నాను. నా నోట అబద్ధం వింటేనైనా నోరు విప్పుతావనుకున్నాను. నువ్వు నవ్వావు. చప్పట్లు వినేసరికి నేనూ నోరు మూసుకున్నాను. ఆర్డరు పోతే షెడ్డు మూసేస్తారని భయం. కాబట్టి సిగ్గంతా నీ ఒక్కదానిదే అనుకోకు.

నిన్న షెడ్డులో అందరికీ చెప్పేశాను. నన్ను దులిపేశారు. జిప్పులు ఊడదీసే పెద్దావిడైతే, "అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి మా చెవిలో పువ్వులు పెట్టారన్నమాట!" అంది. చివరికి ఆవిడే, "ఆ పిల్లని పారిపోవద్దని చెప్పు. ఇంకొకర్ని కూర్చోబెట్టి అదే సంతకం పెట్టిస్తారు" అంది.

రాజీనామా మాట మానెయ్. సోమవారం చీటీ మీద "సగం" అని రాయి. ఆ సగం మా చేతులతో చేసిందే, అందులో అబద్ధం లేదు. మేనేజరు కేకలేస్తే వెయ్యనీ. షెడ్డులో మేం పదకొండుమందిమీ నీ ల్యాబ్ గది బయటే నిలబడి ఉంటాం.

నీ అక్క