బాబాయ్ ముక్కు

జూన్ 3
కొత్త సాల్వెంట్‌తో ఈరోజు మొదటి చేప. క్లోరోఫాం లేకుండా, ఐసోప్రొపనాల్, సైక్లోహెక్సేన్ కలిపి కొవ్వు తీసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూచాను. అంకెలు పాత పద్ధతితో సరిపోతే ఒంటికి చేటు చేసే క్లోరోఫాం ఆపేస్తామని ల్యాబ్ హెడ్ సార్ మాట ఇచ్చారు. పాత పద్ధతి చేసేది బాబాయ్. టెక్నీషియన్, ఇరవై ఆరేళ్ల సర్వీసు, ల్యాబ్‌లో అందరికీ బాబాయే. నాకు పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఫ్లాస్క్ ఆరిందో లేదో ముక్కుతో చూస్తాడు. క్లోరోఫాం తీపి వాసన పోతే ఆరినట్టే. ఓవెన్ గంటసేపు చెప్పేది నా ముక్కు నిమిషంలో చెబుతుందమ్మా అంటాడు. తలనొప్పికి రోజంతా నుదుటి మీద బామ్.

జూన్ 4
స్టవ్ మీద పాలు మాడాయి. పక్కనే కూర్చుని చదువుకుంటున్నాను. మన ఇంట్లో బడి ముఖం చూసింది నువ్వొక్కదానివే, మాడు వాసన కూడా పుస్తకంలో రాసి ఉంటేనే తెలుస్తుందా అంది అమ్మ. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 9
ఆరు చేపల్లోనూ బాబాయ్ అంకె కన్నా నా అంకె తక్కువే. కొత్త సాల్వెంట్ కొవ్వంతా లాగడం లేదని సార్ కాగితం పక్కన పెట్టేశారు. బాబాయ్ వీపు తట్టాడు. పోనీలే, ఈ వాసన నన్నేం చేసింది, గుండ్రాయిలా ఉన్నానుగా అన్నాడు. అంటూనే మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకున్నాడు.

జూన్ 11
బాబాయ్ భోజనానికి వెళ్ళినప్పుడు ఆరాయని ఆయన పక్కన పెట్టిన ఫ్లాస్కులు వాసన చూశాను. నాకూ ఏమీ రాలేదు. అయినా ఓవెన్‌లో పెట్టి తూచాను. బరువు తగ్గింది. ఇంకో గంట. ఇంకా తగ్గింది. చివరికి నా అంకెతో కలిసింది.
మేం కొవ్వు అని రాస్తున్న దాంట్లో క్లోరోఫాం ఉంది. ఆయన ముక్కు అది పట్టడం లేదు. ఎన్నేళ్ల నుంచో.

జూన్ 12
రాయకపోతే క్లోరోఫాం పోదు. రాస్తే బాబాయ్ పోతాడు.

జూన్ 13
ముందు ఆయనకే చెప్పాను. ఫ్లాస్క్ ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ పీల్చాడు. తర్వాత, రాయమ్మా, రాయకపోతే నీకు నేర్పింది దండగ అన్నాడు. నా పేరు మాత్రం తప్పుల్లేకుండా రాయి, జీతం స్లిప్పులో ఎప్పుడూ తప్పే అన్నాడు.

జూన్ 20
కొత్త పద్ధతికి సార్ సంతకం పెట్టారు. బాబాయ్‌ని రేపటి నుంచి రావద్దన్నారు. పాత రిపోర్టులన్నీ తిరగతోడాలట. అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

జూన్ 21
బాబాయ్ అల్మరాలో చేతిరుమాలు మిగిలిపోయింది. ఉతికి ఇద్దామని ఇంటికి తెచ్చాను. అమ్మ గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుంది. ఏంటే ఈ బామ్ కంపు, కళ్ళు మండిపోతున్నాయి అంది.
రుమాలు ముఖానికి గట్టిగా అదుముకున్నాను.
మెత్తగా ఉంది. అంతే.