రూతమ్మ ఆంటీ ఇచ్చిన వైరు

బుధవారం, రాత్రి

థీసిస్ అప్‌లోడ్ చేయడానికి ఈ రాత్రే ఆఖరు. అదంతా ఈ ముసలి ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దీనికి వైఫై ఎప్పుడో పోయింది, పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టదు. కింది వాటాలో ఉండే ఓనరు రూతమ్మ ఆంటీ జాలిపడి, తన మోడెం నుంచి కిటికీలోంచి వైరు లాగి ఇచ్చారు. పెట్టాను. నెట్ రాలేదు. తీసి పెట్టాను, ఊది పెట్టాను, ఏడ్చి పెట్టాను.

"మా టీవీకి బాగానే వస్తోందమ్మా, నీ దాంట్లోనే ఏదో ఉంది" అన్నారు ఆంటీ.

ఇంకా క్యాంపస్ హాస్టల్లోనే ఉన్న నా స్నేహితురాలు స్వప్నకు ఫోన్ చేశాను.

"హాస్టల్ల నెట్ కోసమని మనం నీ ల్యాప్‌టాప్ సెట్టింగ్‌లల్ల చేతితోని ఐపీ నంబర్లు కొట్టినం కదనే! అవి తీసినవా? గవి గాడనే పనిచేస్తయి" అంది.

తీయలేదు. హాస్టల్ ఖాళీ చేసి తార్నాక వచ్చినా వాటిని అలాగే మోస్తున్నాను. ఆ నంబర్లు తీసేసి 'ఆటోమేటిక్' అని మార్చగానే నెట్ వచ్చింది.

థీసిస్ వెళ్తోంది. కానీ ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ ఆగిపోయింది, అడుగు పెనంలా కాలుతోంది. ఇంకా వేడెక్కితే ఆరిపోతుంది. ఆరిపోతే మళ్లీ లేస్తుందో లేదో. ఎడమచేత్తో అట్టముక్క విసురుతూ, కుడిచేత్తో ఇది రాస్తున్నాను.

సగం వెళ్లింది. మిగతా సగం వెళ్లేదాకా చచ్చిపోకే తల్లీ...