ఒకే నీళ్ళు రెండుసార్లు

జగ్గయ్యపేట
10 మార్చి 1963, ఆదివారం

ఆయన మద్రాసు నుంచి వచ్చారు. అక్కడ మిరపకాయల బస్తాలు దించేసి ఖాళీ లారీలో గాజుతొట్టి ఒకటి తెచ్చారు. డబ్బాలో నీళ్ళు, నీళ్ళలో ఎర్రటి చేపలు. కూరకి చాలవు గదరా బాజీ అంది అత్తమ్మ. కూరకి కాదు, చూట్టానికి అన్నారాయన. అత్తమ్మ నా వైపు చూసి, డబ్బా నా ముందుకి జరిపింది.

నందిగామ ఆసుపత్రిలో బిడ్డ పోయినప్పటి నుంచీ ఇంట్లో నాకు పని చెప్పడం మానేశారు. డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దంది. నీళ్ళు కూడా కూలికొచ్చే పుల్లమ్మే తెచ్చి పోస్తోంది. ఇప్పుడు చేపలు నా పని.

17 మార్చి

తొట్టి నీళ్ళు కంపు కొట్టాయి. సగం తీసి కాలవలో పారబోయబోతే అత్తమ్మ కేకలేసింది. ఎండాకాలం వస్తుంటే నీళ్ళు పారబోస్తావా పిల్లా అని. గోడ పక్కన చావలేక బతుకుతున్న వంగమొక్కకి పోశాను. మా పెరడంతా సున్నపురాయి. పలుగు వేస్తే ఖంగుమంటుంది.

2 ఏప్రిల్

వంగమొక్క ఆకులు నల్లబడ్డాయి. ఎండి కాదు, పచ్చదనం చిక్కబడి. పూత కూడా వచ్చింది.

చేపల నీళ్ళ వల్లా, గోడ నీడ వల్లా? తేల్చుకోవాలి. రెండు పగిలిన కుండల్లో ఒకే మట్టి నింపి పుదీన గుచ్చాను. ఒకదానికి బావినీళ్ళు, ఒకదానికి తొట్టినీళ్ళు. రెండూ ఒకే చూరు కింద పెట్టాను.

21 ఏప్రిల్

తొట్టినీళ్ళ పుదీన కుండ దాటి కిందికి వేలాడుతోంది. రెండోది ఇంకా ఆలోచిస్తోంది.

నీడ కాదు. నీళ్ళే. కానీ చేప నీళ్ళకి ఏం చేస్తుంది?

22 ఏప్రిల్

గుత్తివంకాయ చేశాను. చేపల ఒంటేలు తాగిన కాయ నేను తిననంది అత్తమ్మ. మరి పేడ వేసి పండించిన కాయ తింటావు గదా అన్నాను. రెండు కాయలు వేసుకుంది.

28 ఏప్రిల్

పుల్లమ్మ బిందె దించి అక్కడే నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడదు. బావి అడుగంటిందనీ, చేద వేస్తే బురద వస్తోందనీ చెప్పింది. తర్వాత అంది: "నా పిల్లలకి తలంట్లు లేవమ్మా. నీ చేపలకి మాత్రం కొత్తనీళ్ళు మోస్తన్నా."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేపల్ని ఎవరికైనా ఇచ్చెయ్యమంది అత్తమ్మ. ఇవ్వడానికైనా ఎవరింట్లో నీళ్ళున్నాయి?

29 ఏప్రిల్

పొద్దుటినుంచి ఒకటే ఆలోచన. మొక్కలకి పోసే నీళ్ళు వేరు, చేపలకి పోసేవి వేరు అనుకోవడంలోనే ఉంది తప్పు. మొక్కలకి వేరే నీళ్ళు బంద్. ముందు చేపలకి, ఆ నీళ్ళే తర్వాత మొక్కలకి. నా స్నానంలో ఒక చెంబు తగ్గించుకుంటే తొట్టికి సరిపోతుంది. పుల్లమ్మ ఒక బిందె తక్కువ మొయ్యచ్చు. ఆ బిందె వాళ్ళింటికి.

పుల్లమ్మకి చెప్పాను. నమ్మినట్టు లేదు. సాయంత్రం కొంగున సొరవిత్తనాలు ముడివేసుకుని వచ్చింది. "నాకూ ఒక పాదు పెట్టవే హఫీజమ్మా. మా గడపలో చేపల్లేవుగా."

19 మే

చేపలన్నీ చచ్చిపోయాయి.

20 మే

నిన్న రాయలేకపోయాను. ఊళ్ళో కలరా భయమని బావిలో మందు కలిపారు. బ్లీచింగ్ పౌడర్. నీళ్ళు ఘాటుగా ఉన్నాయని పుల్లమ్మ చెప్పనే చెప్పింది. మనుషులు తాగే నీళ్ళు చేపలకేం చేస్తాయిలే అనుకుని తొట్టిలో పోశాను. పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. చెంబుతో పాతనీళ్ళు తెచ్చి పోద్దామంటే పాతనీళ్ళు అప్పటికే సొరపాదుకి పోసేశాను.

పెంటకుప్ప మీద పడేస్తానంది అత్తమ్మ. వద్దని పాదు మొదట్లో పూడ్చాను. పూడుస్తుంటే ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో రాలేదు, ఇంటికొచ్చాకా రాలేదు. ఇప్పుడు ఆగలేదు. అత్తమ్మ మట్టిలోనే నా పక్కన చతికిలబడి కూర్చుంది. కాసేపటికి ఆమె కూడా ఏడ్చింది. చేపల కోసం కాదు.

2 జూన్

ఆయన వచ్చారు. ఖాళీ తొట్టి చూసి, పోనీలే, మళ్ళీ తెస్తానన్నారు. ఇప్పుడే వద్దన్నాను. అదే మందు పాదుకీ పడింది. పాదు చావలేదు, మేం చావలేదు. చేపలే ఎందుకు చచ్చాయో ముందు తెలియాలన్నాను.

"తెలిస్తే లేచొస్తయ్యా?" అన్నారు.

రావు, కానీ ఈసారి వచ్చినవి చావవు అన్నాను.

ఆయన బీడీ ముట్టించారు. గర్ల్స్ స్కూల్లో సైన్సు చెప్పే కమలాకుమారి గారు సెలవులకి ఎక్కడికీ పోలేదట, రేపు తనే తీసుకెళ్తానన్నారు.

3 జూన్

ఎన్ని తెలిశాయో! బ్లీచింగ్ పౌడర్‌లోంచి వచ్చే క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుందట. నీళ్ళని వెడల్పు బేసిన్‌లో పోసి ఒకరోజు ఎండలో ఉంచితే ఎగిరిపోతుందట. ఇంకొకటి. చేప విసర్జించినది మట్టిలో మారి మారి మొక్కకి తిండి అవుతుందట. నత్రజని అని పేరు. పుదీన కుండల సంగతి చెబితే ఆమె చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఒకే మట్టా, ఒకే ఎండా అని గుచ్చి గుచ్చి అడిగారు.

చివరికి ఎంతవరకు చదివావన్నారు. ఎనిమిది అన్నాను. ప్రైవేటుగా మెట్రిక్ కట్టు, నేను చెబుతానన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెప్పులు చూసుకుంటున్నారు.

4 జూన్

అత్తమ్మకి చెప్పాను. "చేపల నీళ్ళకే ఇంత చేసింది, పరీక్షంటే ఇల్లు పీకి పందిరేస్తది" అంది. వద్దని మాత్రం అనలేదు.

పుల్లమ్మ పాదు మొదటి పిందె వేసింది.

9 జూన్

ఆయన మద్రాసు బయల్దేరుతూ ఏం తెమ్మంటావన్నారు. జామెట్రీ బాక్సు, చేపలు ఆ తర్వాత అన్నాను.

ఆ జామెట్రీ ఏం తింటుందని అత్తమ్మ లోపల్నించి అడిగింది.