కారు ఇప్పుడు తిన్నగా పోతుంది

ఒరేయ్ పెద్ద మనవడా, నేనూ నీ చెల్లీ బస్సులో ఆసుపత్రికి పోతున్నాం. నువ్వు డ్యూటీ దిగి రాగానే ఇంత తిని, కారు తీసుకుని వచ్చెయ్. నీ పెళ్ళాన్నీ పసిదాన్నీ ఇవాళే ఇంటికి పంపుతున్నారు.

నిన్న మెకానిక్, గుంటల్లో కుదుపు తెలియకుండా షాకులు కొత్తవి వేశాడు. స్టీరింగ్ కింద అరిగిపోయిన భాగాలు కూడా మార్చి, చక్రాలు సరిచేశాడు. అందుకని ఒక్క మాట గుర్తుపెట్టుకో. బండి ఎడమకి లాగుతుందని మనందరం స్టీరింగుని కుడికి బిగబట్టి నడుపుతాం కదా, అది ఇక వద్దు. నిన్న నేను పాత అలవాటు కొద్దీ అలాగే పట్టుకుంటే, బండి సరాసరి ఎదురింటి గేటు మీదికి పోయింది. ఆవిడ బయటికొచ్చి, "కాఫీకైతే నడిచి రావచ్చుగా పెద్దాయనా!" అంది. పసిగుడ్డు బండిలో ఉండగా నువ్వలా చెయ్యకు. ముందు ఒట్టి బండిని మన వీధిలో తిప్పి, చెయ్యి అలవాటు చేసుకో.

రోజంతా ఆ మెకానిక్ షెడ్డులో కూర్చుని నా నడుం పడిపోయింది. నువ్వేమో ఫోన్లో "అయిందా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేశావు. పోనీలే, కొత్తగా తండ్రివయ్యావు.

అన్నయ్యా, తాత వద్దన్నా ఇది రాస్తున్నా. షాకుల్ని పరీక్ష చేస్తానని మెడదాకా నీళ్ళు పోసిన చెంబు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. గుంటల రోడ్డంతా నేను నడిపాను. ఒక్క చుక్క ఒలకలేదు. "నా మునిమనవరాలు హాయిగా నిద్రపోతుందే!" అని సంతోషం పట్టలేక రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. చెంబెడు నీళ్ళూ ఒళ్ళోనే.