చిటికెన వేలి ధైర్యం

రామతీర్థం,
18-11-2025.

చిరంజీవి సౌభాగ్యవతి యమునకు, ఏడాది పెద్దదాన్ని కాబట్టి దీవించే హక్కు ఇంకా నాదేననుకునే నీ వదిన రాగసుధ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. గరివిడిలో నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ కులాసా అని తలుస్తాను.

శ్రీకాకుళం కచేరీలో చరణం మధ్యలో భయంతో నేను ఆగిపోయిన రోజు నుంచి మనకు మాటల్లేవు. నేను ఆగితే నువ్వు వయొలిన్ మీద పాట పూర్తి చేశావు. జనం నీకు చప్పట్లు కొట్టారు, నాకు మండింది. తప్పెవరిదో తేల్చడానికి రాయడం లేదులే. ఒక శుభవార్త ఉంది, అది నీకు చెప్పకపోతే అన్నం సయించడం లేదు.

శనివారం మన గుడి మండపంలో పాడాను, మొదటి నుంచి చివరిదాకా.

ఎలాగంటావా? ఆన్‌లైన్‌లో న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. మనసుకి మనం చెప్పుకునే మాటలు మార్చుకుంటే భయం కూడా మారుతుందని చెప్పే విద్య. విజయనగరం సుహాసిని గారు నేర్పుతారు. మీ అత్త సంగతి తెలుసుగా, "రావుడి గుళ్ళో పోని బెదురు ఫోన్లో పోతాదేటే?" అంది మా అమ్మ.

టెలిగ్రామ్‌లో మా గ్రూపు. అందరూ భయస్తులే. ఇంటర్వ్యూ అంటే వణికేవాళ్ళు, అత్తగారి ముందు నోరు మెదపలేనివాళ్ళు. ఒకరి భయాన్ని ఇంకొకరు ఎగతాళి చెయ్యరు. ఎవరు కాస్త ముందుకెళ్ళినా అందరికీ పండగే.

ధైర్యంగా ఉన్న ఒక క్షణాన్ని తలుచుకుంటూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కమన్నారు. అలవాటైతే వేళ్ళు కలపగానే ఆ ధైర్యం వస్తుందట. దాన్ని యాంకర్ అంటారు. చెప్పినట్టే చేసి గ్రూపు వీడియో కాల్‌లో పాడాను. ధైర్యం వచ్చింది, తాళం పోయింది. తాళం వేసే చేత్తో వేళ్ళు నొక్కుకుంటూ కూర్చుంటే దెబ్బ ఎవరేస్తారు? ఆ మాటే వాళ్ళకి చెప్పి పడీ పడీ నవ్వాను. నా భయాన్ని చూసి నేను నవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రం 'నందివర్ధనం' అనే పేరుతో ఉన్న ఆవిడ మెసేజ్ పెట్టింది. ఎప్పుడూ కనిపించదు, మాట్లాడదు, కానీ నేను పాడినప్పుడల్లా రెండు మంచి మాటలు రాస్తుంది. భయం వేస్తే మీ చిటికెన వేలు తాళంలో ఆగిపోతుంది, యాంకర్ ఆ వేలికే పెట్టుకోండి అని రాసింది.

అంతే. దెబ్బ వేశాక చిటికెన వేలు తొడకి తాకుతుంది కదా, తాకిన ప్రతిసారీ ధైర్యం. నేను తలుచుకున్న క్షణం ఏదో తెలుసా? చిన్నప్పుడు గురుభక్తుల కొండ మీద పాత ఇటుక గోడల దగ్గర మనిద్దరం గొంతెత్తి పాడితే, కింద మేకలు కాసుకునే దాలమ్మ, "ఒసే, ఇంకోపాలి పాడండే" అని కేకేసిందే, అది.

శనివారం అదే చరణం దగ్గరికి రాగానే పాత భయం మళ్ళీ వచ్చి కూర్చుంది. చిటికెన వేలు తాకింది. దాలమ్మ కేక వినిపించింది. దాటేశాను. మంగళం పాడాక నాన్న ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టనివ్వని తన తంబురా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. మా అమ్మేమో పక్కావిడతో, "ఫోన్లో నేర్సుకున్నాదమ్మా మా పిల్ల" అని గొప్పలు పోయిందట.

గెలిచాను యమునా. ఆనందం పట్టలేకపోతున్నాను.

ఇట్లు,
నీ వదిన
రాగసుధ

తా.క.: గ్రూపులో నా కెమెరా ఏనాడూ మెడ కిందికి దిగలేదు. నా చిటికెన వేలు ఆగిపోతుందని తెలియాలంటే చిన్నప్పటి నుంచీ కచేరీల్లో నా పక్కన కూర్చుని ఉండాలి. అలా కూర్చున్నది నువ్వొక్కతివే. నందివర్ధనం గారూ, వచ్చే నెల శ్రీకాకుళంలో అదే హాల్లో పాడుతున్నాను. వయొలిన్‌కి ఎవరినీ పిలవలేదు. తీగలు సవరించుకుని రావే.