ఆశీర్వాదానికి శాలువా

3-6-91, బాపట్ల

తెనాలిలో మూడు రోజుల ట్రైనింగ్ ముగిసింది. మార్పు తెచ్చేటప్పుడు సీనియర్లను గౌరవించాలట, అందరినీ కలుపుకుపోవాలట. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. మా చిల్లింగ్ సెంటర్‌కు పాలు పరీక్షించే మెషిన్ వస్తోంది. ఇక వాసన చూసి పాలు తీసుకునే ఆశీర్వాదం ముక్కుతో పనిలేదు. అతన్ని క్యాన్లు కడిగే సెక్షన్‌కు మార్చమని ఆర్డర్. జీతం అదే. మేనేజర్ని కాబట్టి ఈ మాట అతనికి నేనే చెప్పాలి.

6-6-91

చెప్పలేదు.

పద్దెనిమిదేళ్లుగా అతను మూత తీసి, వాసన చూసి, తలూపితేనే క్యాన్ లోపలికి వెళ్లేది. లేకపోతే వెనక్కే. ఇవాళ దశరథరామయ్య గారి పాలు తిప్పి పంపాడు. ఆయన పదెకరాల మాగాణి ఉన్న ఆసామి. ఊళ్లో ఆశీర్వాదాన్ని అరుగు ఎక్కనివ్వడు. ఇక్కడ మాత్రం, కాస్త మళ్లీ చూడవయ్యా అని బతిమాలాడు. ఆశీర్వాదం మళ్లీ చూశాడు. పులిశాయండి, అని మూత పెట్టేశాడు.

ఆ మనిషికి నేనేం చెప్పను?

10-6-91

మెషిన్ ప్రారంభం. ట్రైనింగ్‌లో చెప్పినట్టే ఆశీర్వాదం చేత రిబ్బన్ కత్తిరింపించి, దండ వేసి, శాలువా కప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అతని కళ్లలో నీళ్లు. సంతోషమనుకున్నాను. సెక్షన్ సంగతి రేపు తీరిగ్గా చెప్పొచ్చు.

11-6-91

ఆశీర్వాదం రాలేదు.

13-6-91, సాయంత్రం 6

మూడు రోజులైంది. ఉండబట్టలేక పిట్టలవానిపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య అన్నమ్మ కుర్చీ వేసింది. శాలువా కప్పి పంపేశారు గదండీ, ఇంకెందుకు రమ్మంటారు, అని అడిగింది.

అప్పుడు తట్టింది. మా సెంటర్లో దండా శాలువా పడేది రిటైరయ్యే రోజునే. అయ్యో, ఎంత బుద్ధితక్కువ పని చేశాను! సర్వీసు ఇంకా నాలుగేళ్లుందని, ఉద్యోగం ఎక్కడికీ పోలేదని గబగబా చెప్పాను. అన్నమ్మ ప్రభువుకు స్తోత్రం అంది. ఆశీర్వాదం మాత్రం, మరి నా పనేంటి సార్, అన్నాడు.

చెప్పాను.

తర్వాత, దశరథరామయ్య గారి క్యాన్లు కూడా నేనే కడగాలాండి, అని అడిగాడు. అవునన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. వారం ముందే నోరు విప్పి ఉంటే, అందరి ముందూ ఆ దండ వేయించుకునే ఖర్మ అతనికి పట్టేది కాదు.

14-6-91

వచ్చాడు. క్యాన్లు కడిగాడు. ప్రతి మూతా మొహం పక్కకు తిప్పుకుని తీశాడు.